సంఘం వెబ్‌సైటు పేరుకు ఏ తోక పెట్టాలి?

 

సంఘానికి వెబ్‌సైటు కావాలా వద్దా అనే మాట అయిపోయింది. కావాలి. పెళ్లి సంబంధాల వివరాలు, పిల్లల చదువు సాయం దరఖాస్తులు, చందా లెక్కలు అన్నీ ఒక్క చోట ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు తగువంతా దాని పేరు చివర ఏముండాలి అన్న దగ్గర వచ్చింది. ఒక తమ్ముడు డాట్ ఫ్యామిలీ అంటాడు. ఇంకొకడు డాట్ కమ్యూనిటీ అంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే అబ్బాయి డాట్ ఎక్స్‌వైజెడ్ అయితే చవక అంటున్నాడు. కోవిల్‌పట్టి నుంచి ఒక అమ్మాయి, తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని ఉంది, అదే పెట్టాలి అని రాసింది. మూడు రోజులుగా గ్రూపులో ఇదే మాట. కొందరు పెద్దలు 'ఏదో ఒకటి పెట్టేయండయ్యా' అని విసుక్కున్నారు. ఏదో ఒకటి పెట్టేసే విషయం కాదు ఇది. మా మనసులో ఉన్నది కొంచెం పొడుగుగానే రాస్తున్నాము, ఓపికతో చదవండి.

ఈ తోకలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో ముందు చెప్పుకుందాం. 1985లో కామ్, ఆర్గ్, నెట్, ఈడీయూ, గవ్, మిల్ అని చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉండేవి. వాటితో పాటు ఒక్కొక్క దేశానికి రెండక్షరాల తోక, మనకు ఇన్. ఈ పేర్లను చూసుకునే ఐకాన్ అనే సంస్థ 2012లో తలుపులు తెరిచింది. ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు కట్టాలి, కట్టినవాళ్లు తమ సొంత తోక అడగొచ్చు. 1,930 దరఖాస్తులు వచ్చాయి. వాటిలోనుంచి పన్నెండు వందలకు పైగా తోకలు వాడుకలోకి వచ్చాయి. ఫ్యామిలీ, కమ్యూనిటీ, ఎక్స్‌వైజెడ్, ఆన్‌లైన్, సైట్ అన్నీ ఆ కాన్పులో పుట్టినవే. అంత డబ్బు కట్టి తెచ్చుకున్నవాళ్లు దానిని మనకు బాడుగకు ఇస్తారు. బాడుగే, అమ్మకం కాదు. డొమైన్ కొన్నాము అంటాము గానీ ఎవరూ కొనరు, ఏటేటా బాడుగ కట్టి ఉంచుకుంటారు.

మేము రైల్వేలో పనిచేసినవాళ్లం కాబట్టి మాకు అర్థమయ్యే లెక్కలో చెబుతాము. ప్రతి స్టేషనుకూ ఒక కోడ్ ఉంటుంది. విరుదునగర్ కోడ్ వీ పీ టీ. నగర్ అన్న పేరులో పీ ఎక్కడిది? ఆ ఊరి పాత పేరు విరుదుపట్టి. 1923లో విరుదునగర్ అయింది. పేరు మారి నూరేళ్లు దాటింది, కోడ్‌లో పట్టి మాత్రం అట్లే కూర్చొని ఉంది. చెన్నై సెంట్రల్ కోడ్ ఎం ఏ ఎస్. మద్రాసు పోయి చెన్నై వచ్చింది, 2019లో స్టేషనుకు ఎంజీఆర్ పేరు కూడా పెట్టారు, కోడ్ ఎం ఏ ఎస్సే. కోవిల్‌పట్టి ఇంగ్లీషులో కె తో మొదలవుతుంది, కోడ్ సీ వీ పీ. ఎందుకు మార్చరు? టికెట్టు, పార్సెల్, చార్టు, రిజర్వేషన్ అన్నీ ఆ కోడ్ మీదే నడుస్తాయి గనుక. కోడ్ అందంగా ఉందా అని ఏ గుమస్తా అడగడు. అది మారకుండా ఉండాలి, చూసిన వెంటనే తెలియాలి, అంతే. వెబ్‌సైటు పేరు కూడా మాకు అట్లే కనబడుతుంది.

కొత్త తోక ఆధునికంగా ఉంటుంది, గౌరవంగా ఉంటుంది అని పిల్లలు అంటున్నారు. అట్లయితే ఒక నిజమైన కథ వినండి. పింఛను తీసుకునే వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే, ఈ కోణంలో చూసి ఉండరు. స్టేట్ బ్యాంకు ఆ 2012 వరుసలో దరఖాస్తు పెట్టి డాట్ ఎస్‌బీఐ అని సొంత తోకే తెచ్చుకుంది. బ్యాంక్ డాట్ ఎస్‌బీఐ, ఆన్‌లైన్ఎస్‌బీఐ డాట్ ఎస్‌బీఐ అని కొన్నేళ్లు మనమందరం కొట్టాము. సొంత తోక కంటే గౌరవం ఇంకేముంటుంది? ఆ తోకతో బ్యాంకు తప్ప ఇంకెవరూ ఒక్క పేరు కూడా తీసుకోలేరు. భద్రతకు కూడా మంచిదే. అయినా ఏమయింది? 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, దేశంలోని బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని చెప్పింది. 2025 అక్టోబర్ 31 గడువు. ఆ పేర్లు ఇచ్చే పని హైదరాబాదులో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే అప్పజెప్పారు. ఇప్పుడు స్టేట్ బ్యాంకు కూడా ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అయింది.

ఎందుకు అట్లా చేశారంటే, మోసాలు. ఒక్కో బ్యాంకు ఒక్కో తోక పెట్టుకుంటే, ఏది నిజం, ఏది దొంగది అని మామూలు మనిషి ఎట్లా పోల్చుకుంటాడు? అందరికీ ఒకే తోక, దానికి ఒకే కాపలాదారు ఉంటే 'చివర బ్యాంక్ డాట్ ఇన్ ఉందా చూడు' అని ఒక్క మాటలో అవ్వకు కూడా చెప్పొచ్చు. దేశంలో అన్నిటికంటే పెద్ద బ్యాంకే సొంత తోకను పక్కన పెట్టి పాత డాట్ ఇన్ నీడకు వచ్చిందంటే, చందా డబ్బుతో నడిచే మన సంఘం ఆలోచించుకోవాలి కదా. మన సైటులో కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది, చదువు సాయానికి డబ్బు వస్తుంది. అంతకంటే ముఖ్యం, పెళ్లి కావలసిన ఆడపిల్లల వివరాలు, ఫోను నంబర్లు ఉంటాయి. ఒకడు మన పేరునే ఇంకో తోకతో తీసుకొని, మన సైటు లాగానే ఒక పేజీ పెట్టి 'ఇక్కడ నమోదు చేయండి' అంటే? తోకలు వెయ్యి దాటి ఉన్నాయి, అన్నీ మనం కొని పెట్టుకోలేము. మన వాళ్ల నోట ఒక్క పేరు గట్టిగా నాటుకోవడం ఒక్కటే కాపలా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. డాట్ ఇన్ అయినా, డాట్ కామ్ అయినా ఎవడైనా తీసుకోవచ్చు. బ్యాంక్ డాట్ ఇన్ లాగ దానికి కాపలా లేదు. డాట్ ఇన్ పెట్టగానే మోసం ఆగిపోతుందని మేము చెప్పడం లేదు. మన వాళ్ల చెవికి, కంటికి అలవాటైనది అదే అని చెబుతున్నాము. రైలు టికెట్టు సైటు 2002 నుంచి నడుస్తోంది, ఐఆర్‌సీటీసీ డాట్ సీఓ డాట్ ఇన్ అని నిద్రలో కూడా చెబుతారు. డాట్ ఫ్యామిలీ అని ఫోనులో చెప్పి చూడండి. వినే మనిషి ఫ్యామిలీని కూడా పేరులో కలిపేసి చివర డాట్ కామ్ కొడతాడు. మా ఇంట్లోనే చెప్పి చూశాము, అట్లే కొట్టారు.

మన సంఘం ఏటా శివకాశిలో క్యాలెండరు వేయిస్తుంది. వచ్చే ఏడు నుంచి దానిమీద సైటు పేరు వేయాలి. ఒకసారి అచ్చయితే పన్నెండు నెలలు గోడ మీద ఉంటుంది, తిరిగి దిద్దలేము. పెళ్లి పత్రికల మీద, రశీదు పుస్తకాల మీద, మండపం బ్యానరు మీద అదే పేరు పోతుంది. గోడ మీద దూరం నుంచి చూసినవాడికి అది వెబ్‌సైటు పేరు అని తెలియాలి. చివర కామ్, ఇన్, ఆర్గ్ ఉంటే తెలుస్తుంది. చివర కమ్యూనిటీ అని ఉంటే ఏదో నినాదం అనుకుంటాడు.

చవక సంగతికి వద్దాం. మొదటి ఏడు నూరు రూపాయల లోపే అని చూపించే తోకలు కొన్ని ఉన్నాయి. దాని కిందనే చిన్న అక్షరాలలో రిన్యూవల్ ధర ఉంటుంది, వేలల్లో. మన కోశాధికారి గారు దయచేసి ఆ చిన్న అక్షరాలు చదవాలి. అది కూడా నిలకడ కాదు. 2017లో యూనిరిజిస్ట్రీ అనే కంపెనీ తన చేతిలో ఉన్న కొన్ని తోకల ధరలు ఒక్కసారిగా పెంచింది. డాట్ హోస్టింగ్ లాంటివి ఏటికి 300 డాలర్ల దాకా పోయాయి. కొత్త తోకలకు ఐకాన్ ఒప్పందంలో ధరకు పై హద్దు లేదు. రిన్యూవల్ ధర పెంచాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి, ఆ లోపల కావలసినవాళ్లు పాత ధరకే పదేళ్ల దాకా కట్టుకోవచ్చు, అంతే. ఆరు నెలల ముందు వచ్చిన మెయిల్ మన కమిటీలో ఎవరు చూస్తారో మీరే చెప్పండి.

ఉచితం అనేది ఇంకా ప్రమాదం. పసిఫిక్ సముద్రంలో టోకెలావు అని చిన్న దీవులు ఉన్నాయి, మనుషులు ఇంచుమించు పదిహేను వందలు. దాని తోక డాట్ టీకేను ఫ్రీనమ్ అనే కంపెనీ ఏళ్ల తరబడి ఉచితంగా పంచింది. ఉచితం కాబట్టి దొంగలందరూ అక్కడ చేరారు. ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ కేసు వేసింది. 2023లో కొత్త పేర్లు ఇవ్వడం ఆగింది, 2024లో డొమైన్ వ్యాపారమే మానుకుంటున్నామని ఫ్రీనమ్ చెప్పింది. ఉచితంగా తీసుకున్న మంచివాళ్ల గతి కూడా దొంగలతో పాటే. తోక చవకైతే పక్కింట్లో దొంగలు చేరతారు, ఆ వీధి మొత్తానికే చెడ్డపేరు వస్తుంది, మన మెయిల్ కూడా స్పామ్ డబ్బాలో పడుతుంది. దరఖాస్తు పెట్టిన పిల్లవాడికి మనం పంపే జవాబు స్పామ్‌లో పడిపోతే, ఆ నూరు రూపాయల ఆదా ఎందుకు?

డాట్ ఆర్గ్ గురించి కూడా ఒకరిద్దరు అడిగారు. మంచిదే. సేవా సంఘాలకని పేరు పడిన తోక. అయినా 2019లో దాన్ని చూసుకునే సంస్థను ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీకి నూట పదమూడు కోట్ల డాలర్లకు పైన అమ్మబోయారు. ప్రపంచమంతా సేవా సంఘాలు గొడవ చేశాయి. 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి ఒప్పుకోలేదు. పాత తోక అయినంత మాత్రాన అన్నీ క్షేమం అనుకోకూడదని దీన్ని చెప్పాము. కానీ గొడవ చేయడానికి అంతమంది ఉన్నారు చూశారా, అది పాత తోక బలం. డాట్ కమ్యూనిటీ ధర పెంచితే మన కోసం ఎవరు గొడవ చేస్తారు?

ఇప్పుడు అసలు విషయం. కోవిల్‌పట్టి అమ్మాయి రాసిన డాట్ భారత్. అన్నిటిలోకీ మమ్మల్ని ఆలోచనలో పెట్టింది అదొక్కటే. ఆ అమ్మాయికి మా అభినందనలు.

డాట్ ఇన్‌ను చూసుకునే నిక్సీ అనే మన దేశ సంస్థే దీన్నీ చూసుకుంటుంది. కాబట్టి ధర భయం అంతగా లేదు, పరాయి కంపెనీ చేతిలో లేదు. 2011లో ఏడు భారతీయ లిపులకు అనుమతి వచ్చింది, అందులో తెలుగు ఒకటి, తమిళం ఒకటి. తెలుగులో భారత్ అని ఉంది. తమిళంలో మాత్రం భారత్ కాదు, ఇందియా అని పెట్టారు. ఇంకొక సంగతి. తమిళ లిపిలో దేశాల తోకలు మూడున్నాయి. ఇందియా, ఇలంగై, సింగప్పూర్. తెలుగు లిపిలో లోకం మొత్తానికీ ఒకే ఒక్క తోక, ఈ భారత్. అది చదివినప్పుడు మా గుండె కొంచెం కదిలింది. ఇన్ని కోట్లమంది భాషకు ఉన్న ఒక్క తోకను తెలుగు సంఘం అయిన మనమే వాడకపోతే ఎట్లా అనిపించింది.

పోయిన నెల కమిటీలో పదకొండు మందిమి కూర్చున్నప్పుడు, మన సంఘం పేరు, చివర డాట్ భారత్ తెలుగులో కాగితం మీద రాసి అందరికీ చూపించాము. చదివినవాళ్లు ముగ్గురు. అదే తమిళ లిపిలో రాసి చూపించాము. పదకొండు మందీ చదివారు.

ఇది మన నిజం, దాచుకునేది ఏమీ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మేము కూడా తమిళ బడిలోనే చదివాము. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరిన తర్వాత, రేణిగుంట, గూడూరు స్టేషను బోర్డులలో మూడు భాషలూ పక్కపక్కన చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవే. ఈ వ్యాసం కూడా మీలో సగం మందికి ఇంట్లో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారని తెలుసు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. ఆంధ్ర దేశం నుంచి ఈ కరిసల్ నేలకు వచ్చిన మనవాళ్ల కథను 'గోపల్ల గ్రామం' అని రాశారు, దాని తర్వాతి 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ తెలుగువాళ్ల కథ తమిళంలోనే ఉంది. మన తెలుగు మన నోట్లో ఉంది, చేతిలో ఉన్న అక్షరం తమిళం.

అట్లాంటప్పుడు తెలుగు లిపి పేరు ఒక్కటే పెడితే, మన సైటు తలుపు మన పిల్లలకే మూతపడుతుంది. వాళ్ల ఫోనులో ఉన్న కీబోర్డులు ఇంగ్లీషు, తమిళం. తెలుగు కీబోర్డు వేసుకోమంటే వేసుకుంటారు, ఒక రోజు. ఇంకా సాంకేతికంగా కూడా చిక్కులున్నాయి. కంప్యూటరు లోపల మన భారత్ అనే మాట 'ఎక్స్‌ఎన్' అని మొదలై రెండు అడ్డగీతలు, తర్వాత 'ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ' అనే వికారంగా ఉంటుంది. తెలుగు పేరును కాపీ చేసి వేరే చోట పెడితే కొన్నిసార్లు ఈ వికారమే బయటికి వస్తుంది, చూసినవాళ్లు వైరస్ లింకు అనుకుంటారు. బ్రౌజర్లు ఊరికే అట్లా చూపించవు. 2017లో ఒక పరిశోధకుడు రష్యన్ లిపి అక్షరాలతో, చూపుకు అచ్చం ఆపిల్ డాట్ కామ్ లాగే ఉండే పేరు తీసుకొని చూపించాడు, అప్పటినుంచి జాగ్రత్త ఇంకా పెరిగింది. మన తెలుగుకు, కన్నడానికి కూడా చూపుకు ఒకటిగా ఉండే అక్షరాలు చాలా ఉన్నాయి కదా. ఇక దరఖాస్తు ఫారాలలో తెలుగు లిపి ఈమెయిల్ అడ్రసు పెడితే చాలా చోట్ల 'తప్పు అడ్రసు' అనే వస్తుంది.

అందుకని డాట్ భారత్ వద్దా? మా మాట, కావాలి, కానీ రెండో తలుపుగా. అసలు చిరునామా ఇంగ్లీషు అక్షరాలలో డాట్ ఇన్. దానితోపాటు తెలుగులో డాట్ భారత్, తమిళంలో డాట్ ఇందియా తీసుకొని రెండూ అక్కడికే పోయేట్టు పెట్టాలి. క్యాలెండరు మీద సంఘం పేరు కింద మూడు లిపులలో మూడు వరుసలు, స్టేషను బోర్డు లాగ. తెలుగు వరుసను చదవలేని పిల్లవాడు కూడా ఏడాదంతా గోడ మీద చూస్తాడు. 2021 జనవరిలో నిక్సీ, డాట్ ఇన్ తీసుకున్నవాళ్లకు భారతీయ భాషలో ఒక పేరు ఉచితమని ప్రకటించింది. ఇప్పుడు అట్లాంటిది ఏమైనా ఉందేమో తీసుకునే రోజున అడిగి చూడాలి.

కామ్‌లో మంచి చిన్న పేర్లన్నీ అయిపోయాయి, కొత్త తోకలో అయితే చిన్న పేరు దొరుకుతుంది అని బెంగళూరు అబ్బాయి అన్నాడు. నిజమే. గూగుల్ తల్లి కంపెనీ ఆల్ఫాబెట్ 2015లో ఏబీసీ డాట్ ఎక్స్‌వైజెడ్ అనే పెట్టుకుంది. చెన్నైలో కొత్త దుకాణం పెట్టేవాడికి అది సరిపోవచ్చు, ఒక చిన్న పేరు కోసం ప్రకటనలకు ఖర్చు పెడతాడు. మన సంఘం పేరు ఎంత పొడుగో మీకు తెలుసు. డాట్ ఇన్‌లో ఆ పేరుకు పోటీ వచ్చేవాడు ఎవడూ లేడు.

ఆ డబ్బు స్పెల్లింగులకు పెట్టండి. సంఘం అని ఇంగ్లీషులో రాసేటప్పుడు తమిళ అలవాటున్నవాళ్లు హెచ్ లేకుండా రాస్తారు, తెలుగు అలవాటున్నవాళ్లు జీ పక్కన హెచ్ పెడతారు. కారియాపట్టిని కొందరు మధ్యలో వై తో రాస్తారు, కొందరు వై లేకుండా. మన వాళ్లు దారి తప్పేది తోక దగ్గర కాదు, ఈ హెచ్ దగ్గర, వై దగ్గర. రెండు మూడు స్పెల్లింగులు డాట్ ఇన్‌లోనే తీసుకొని ఒకే సైటుకు కలిపితే, దొంగలు కూర్చునే చోటు కూడా తగ్గుతుంది.

చివరిగా, పేరు ఎవరి చేతిలో ఉండాలి. పక్క తాలూకాలో ఒక సంఘం ఉంది, పేరు వద్దు. వాళ్ల సైటు చేసి ఇచ్చిన దుకాణం డొమైన్‌ను దుకాణం పేరు మీదే తీసుకుంది. దుకాణం మూసేశారు, రిన్యూవల్ ఎవరూ కట్టలేదు. గడువు దాటిన పేరును తిరిగి తెచ్చుకోవడానికి కొన్ని వారాలే సమయం ఉంటుంది, అదీ దండుగ కట్టి. ఆ తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. ఇప్పుడు ఆ పేరు కొడితే రమ్మీ ఆట ప్రకటన వస్తుంది. ఆ పేరు ఇంకా వాళ్ల కల్యాణ మండపం గోడ మీద పెద్ద అక్షరాలలో ఉంది. అందుకని డొమైన్ సంఘం పేరు మీద, సంఘం ఈమెయిల్‌తో ఉండాలి. ఓటీపీ వచ్చే ఫోను కార్యదర్శిది ఒకటి, కోశాధికారిది ఒకటి. కమిటీ మారినప్పుడు రశీదు పుస్తకాలు అప్పగించినట్టు పాస్‌వర్డు కూడా మినిట్స్ పుస్తకంలో రాసి అప్పగించాలి అన్నారు ఒక పెద్దాయన. పాస్‌వర్డు మినిట్స్ పుస్తకంలో వద్దు అన్నా, అప్పగించిన సంగతి రాస్తే చాలు. బాడుగ ఒకేసారి ఐదేళ్లకో పదేళ్లకో కట్టేస్తే ఇంకా మంచిది. ఎవరైనా దాత ముందుకు వస్తే, ఫ్యానుకు, బీరువాకు పేరు రాయించుకున్నట్టు సైటు అడుగున వాళ్ల పేరు వేద్దాం.

శివకాశి ప్రెస్సువాళ్లు క్యాలెండరు ప్రూఫ్ త్వరగా అడుగుతున్నారు. అందుకని మహాసభలో ఈ విషయం మొదటే తీసుకోమని అధ్యక్షుల వారిని కోరుతున్నాము. వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు ఇక్కడే రాయండి, తమిళంలో రాసినా సరే. మొదటి పేరులో హెచ్ పెట్టాలా వద్దా అన్నది మాత్రం గ్రూపులో మొదలు పెట్టకండి, సభలో చేతులెత్తి తేల్చుకుందాం.